తువ్వాలు పరిచిన ముద్దాయి

మా చిన్నాన్న కూతురు శైలు మొన్ననే నల్లకోటు కుట్టించుకుంది. అది వేసుకుని అద్దం ముందు ఫొటో తీసుకుని నాకు పంపింది. కింద ఒక్క మాట: "అక్కా, ఈ పని ఎలా ఉంటుందో నిజం చెప్పు."

నేను శ్రీకాకుళం కోర్టులో ఆరేళ్లు ప్రాక్టీసు చేసి, బాబు పుట్టాక మానేశాను. ముప్పై మూడేళ్లకు 'రిటైరయ్యాను' అంటే మా సీనియరు గారు నవ్వుతారు. నవ్వనీ. మళ్లీ ఆ మెట్లు ఎక్కుతానో లేదో తెలియనప్పుడు ఇంకే మాట వాడాలి?

బాబు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. మా ఇల్లు విజయనగరంలో, పెద్దరోడ్డుకు దగ్గర. లారీ వెళ్లినప్పుడల్లా కిటికీ అద్దం వణుకుతుంది. నేను రాయడం ఆపి వాడివైపు చూస్తాను. వేగమంటే నాకు మొదటినుంచీ భయం. అలాంటిదాన్ని, వీడు కడుపులో ఉన్న రోజుల్లో, వేగంగా బండి నడిపి పట్టుబడ్డ కుర్రాడి తరఫున నిలబడ్డాను. శైలూ, గెలిచిన కేసుల గురించి నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను ఈ ఒక్కటీ చెబుతాను.

ఒప్పేసుకునే సోమవారాలు

కోర్టంటే వాదనలనుకుని వస్తావు. కొత్తలో నువ్వు చేసేది వాయిదాలు అడగడం, సీనియరు ఫైళ్లు మోయడం, బెంచి క్లర్కు చూపు నీవైపు తిరిగేదాకా నిలబడడం. ఆడపిల్లవి కనుక "కూర్చోమ్మా" అని కుర్చీ ఇస్తారు. కేసు మాత్రం ఇవ్వరు. కుర్చీ తీసుకో. కేసు కూడా అడుగు.

మా సీనియరు గారు భూమి తగాదాల్లో దిట్ట. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటేనే అవతలి సాక్షికి చెమటలు పట్టేవి. చిన్న క్రిమినల్ కేసులంటే మాత్రం చిరాకు. ట్రాఫిక్ కేసులన్నీ నాకు వదిలేసేవారు. అవెలా నడిచేవంటే, సోమవారం పొద్దున్నే కానిస్టేబులు డ్రైవర్లందరినీ వరండాలో వరసగా నిలబెట్టి, "ఏటడిగినా ఒప్పుకుంతన్నామనండి. బేగి అయిపోద్ది" అని నేర్పేవాడు. లోపల పేరు పిలుస్తారు. నేరం ఒప్పుకుంటున్నావా? ఒప్పుకుంతన్నానండి. జరిమానా. ఇంకో పేరు. మధ్యాహ్నానికి వరండా ఖాళీ. ఎవరిమీదా ఎవరికీ కోపం ఉండేది కాదు. ఏం ఒప్పుకున్నారో కూడా ఎవరికీ తెలిసేది కాదు.

తెలియాలి. వేగంగా నడపడం ఒక నేరం, అది జరిమానాతో పోతుంది. ప్రమాదకరంగా నడపడం వేరే నేరం. అదే నేరం రెండోసారి రుజువైతే, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప, కోర్టు లైసెన్సు తీసేసుకోవాలి. ఏళ్ల తరబడి కూడా పోవచ్చు. పోలీసులు చాలాసార్లు రెండూ కలిపి పెట్టేవారు. వరండాలో నిలబడ్డవాళ్లకు మాత్రం అన్నీ 'స్పీడు కేసులే'.

పోలమ్మ కొడుకు

ఒకరోజు మా ఆఫీసుకు పోలమ్మ వచ్చింది. శ్రీకాకుళం వీధుల్లో చేపలమ్మే మనిషి. ఖాళీ బుట్ట గుమ్మం బయట బోర్లించి లోపలికి తొంగిచూసింది.

"లాయరు బాబు లేడేటి?"

"కోర్టుకెళ్లారు. నాతో చెప్పమ్మా."

నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నాకప్పుడు అయిదో నెల.

"కడుపుతో ఉన్నావు. నీకు కోర్టు గొడవలు సెప్పొచ్చునేటి?"

"చెప్పొచ్చు."

"అయితే ముందు కూకో. నిలబడి ఇంటే కాళ్లకి నీరొస్తాది."

నా ఆఫీసులో నన్ను కూర్చోబెట్టాక, తలుపు చాటునున్న కొడుకుని లోపలికి పిలిచింది. నూకరాజు. ఇరవై రెండేళ్లుంటాయి. భుజం మీద తువ్వాలు, చేతిలో సమన్లు. మేనమామ వ్యాను నడుపుతాడు. ఎచ్చెర్లకు దిగువన సముద్రపు ఒడ్డునున్న వాళ్ల ఊరినుంచి ఐసులో పెట్టిన చేపల పెట్టెలు ఆమదాలవలస స్టేషనుకు చేర్చాలి. ఐసు కరిగితే సరుకు పోతుంది, రైలు పోయినా సరుకు పోతుంది. అందుకని చేపల వ్యాన్లవాళ్లంతా వేగంగానే పోతారు. ఆ రోజు ఎచ్చెర్లలో యూనివర్సిటీ దగ్గర, పిల్లలు రోడ్డు దాటేచోట, పోలీసుల స్పీడు గన్నుకు దొరికాడు. ఆ వెంటనే బండి డివైడరు ఎక్కి ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. వేగంగా నడిపాడని ఒక నేరం, ప్రమాదకరంగా నడిపాడని ఇంకొకటి.

"ఇదే మొదటిసారా?" అన్నాను.

"పోయినేడాది కోటబొమ్మాళి అవతల ఓపాలి పట్టుకున్నారు" అంది పోలమ్మ. "అప్పుడు కోర్టులో ఒప్పేసుకున్నాడు. మంచోడు మా గుంటడు, ఏటడిగినా ఒప్పేసుకుంతాడు."

ఆ పాత కాగితం కూడా తెచ్చారు. అప్పుడు ఒప్పుకున్నది వేగం ఒక్కటే కాదు, ప్రమాదకరంగా నడపడం కూడా. రెండోసారి రుజువైతే ఏమవుతుందో చెప్పాను.

పోలమ్మ పాత కాగితం జాగ్రత్తగా మడతపెట్టింది. తరవాత నెమ్మదిగా అంది. "ఈడి నాన్న ఎక్కిన బోటు తిరిగొచ్చినాది. ఈడి నాన్న రానేదు. ఆ దినమే అనుకున్నాను తల్లీ, నా కొడుకు ఏటి సేసినా సరే, కాళ్లు మట్టి మీద ఉండాల. లారీలో కిలీనరుగా ఎట్టి డైవరీ నేర్పించినాను. లైసెన్సు పోతే ఈడు బోటెక్కుతాడు. మా ఊర్లో మూడో పని నేదు."

"ఎక్కనులేవే" అన్నాడు నూకరాజు.

"నువ్వు నోరుముయ్యి. ఎక్కక ఏటి తింతావు, ఐసా?"

సాయంత్రం సీనియరు గారికి చెప్పాను. "పిచ్చిక మీద బ్రహ్మాస్త్రమేమిటమ్మా, ఒప్పేసుకోమను" అన్నారు. రెండోసారండీ అన్నాను. కళ్లజోడు తీశారు. తుడుచుకుంటూ ఆలోచించారు.

"అయితే వేగం ఒప్పుకోమను. రెండోది ఒప్పుకోవద్దను. స్పీడు గన్ను వేగాన్నే కొలుస్తుంది, ప్రమాదాన్ని కొలవదు. దెబ్బలు తగిలినవాళ్లు లేరు, ఫిర్యాదు లేదు. రుజువు చేసుకోనీ." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "ఇంకో మాట. అసలేం జరిగిందని మరీ తవ్వకు. తెలిసినదాన్ని దాచడం కష్టం. తెలియకపోతే దాచే పనే ఉండదు."

అది తెలివైన సలహా. ఆ తెలివితోనే చాలామంది నలభై ఏళ్లు ప్రాక్టీసు చేస్తారు.

టీ కొట్టు పాఠం

వాయిదాకు ముందురోజు కోర్టు బయట టీ కొట్టు దగ్గర నూకరాజుకు పాఠం చెప్పాను. రెండు ముక్కలే. "వేగం ఒప్పుకుంటాను. ప్రమాదకరంగా నడపలేదు."

"ఏగం ఒప్పుకుంతాను. పెమాదంగా నడపనేదు."

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాడు. చెప్పిస్తూనే ఉన్నాను. టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ, "నాకూ వచ్చీసినాది లాయరమ్మా, ఈడి బదులు నన్నెక్కించీ బోను" అన్నాడు. పోలమ్మ కూడా నవ్వింది.

"ఎచ్చెర్ల దగ్గర బండి డివైడరెందుకు ఎక్కింది?" అని అడిగాను. నూకరాజు తల్లివైపు చూశాడు. తల్లి టీ గ్లాసులోకి చూసింది. సీనియరు గారి మాట గుర్తొచ్చి వదిలేశాను.

వెళ్లేముందు వాడొక ప్రశ్న వేశాడు. "లాయరమ్మా, మరి దండం ఎప్పుడెట్టాల?"

"జడ్జి గారికా? లోపలికి రాగానే నమస్కారం పెట్టు, చాలు."

వాడు అడిగింది అది కాదని నాకు తెలియలేదు.

సభకి దండం

నేను రోజూ విజయనగరంనుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆ రోజు డ్రైవరు ముందున్న ప్రతి బండినీ దాటాలనే పంతంతో ఉన్నాడు. కండక్టరుతో మాట్లాడుతూ, ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ లారీల మధ్యనుంచి దూరుతున్నాడు. నేను ముందు సీటు కడ్డీ పట్టుకుని, ఇంకో చెయ్యి పొట్టమీద పెట్టుకుని కూర్చున్నాను. ఎచ్చెర్ల దగ్గర పిల్లలు పుస్తకాలు గుండెకు ఆనించుకుని రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నారు. బస్సు హారను కొట్టింది కాని నెమ్మదించలేదు. ఇలాంటివాళ్ల లైసెన్సులు లాగేసుకోవాలి అనుకున్నాను. అనుకున్నాక నా ఒళ్లో ఉన్న ఫైలు వైపు చూశాను. అందులో ఉన్నదీ ఇలాంటివాడి కేసే. ఆ రెండు మనసులతోనే కోర్టు మెట్లు ఎక్కాను.

మేజిస్ట్రేటు గారు ఆ మధ్యనే రాయలసీమనుంచి బదిలీ మీద వచ్చినావిడ. నవ్వడం ఎవరూ చూడలేదు. నేర్పించిన మాటలంటే ఆవిడకు ఒళ్లు మంటని వరండాలో చెప్పుకునేవారు.

పేరు పిలిచారు. నూకరాజు బోనులోకి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీశాడు. మర్యాదకు తీశాడనుకున్నాను. దాన్ని దులిపి, బోనులో నేలమీద నాలుగు మూలలూ సరిచేసి పరిచాడు. మోకాళ్లమీద వంగి, దానికి నుదురు ఆనించి లేచాడు.

"సభకి దండం. తప్పు నాది."

కోర్టంతా నవ్వింది. బెంచి క్లర్కు రాయడం మొదలుపెట్టాడు. నేను లేచాను.

"యువరానర్, ఒక్క నిమిషం. అతను..."

"మీరు కూర్చోండి. తప్పు నాది అంటున్నాడు కదా. రెండు నేరాలూ ఒప్పుకుంటున్నావా?"

తలుపు దగ్గరనుంచి పోలమ్మ కేకపెట్టింది. "అది ఒప్పుకోడం కాదు తల్లీ! దండం! మా ఊరి సభలో అలాగే మొదలెడతారు!"

అటెండరు ఆమెను బయటికి తోయబోయాడు. మేజిస్ట్రేటు గారు చెయ్యెత్తి ఆపారు. "ఏ సభ?"

పోలమ్మ చెప్పింది. వాళ్ల ఊళ్లో పెద్దల ముందుకు ఎవరిని పిలిచినా, తప్పున్నా లేకపోయినా, ముందు తువ్వాలు పరిచి తప్పు నెత్తిన వేసుకోవాలి. వస్తూనే వాదనకు దిగినవాడి మాట ఎవరూ వినరు. తువ్వాలు పరిచాకే పెద్దలు 'ఏటి జరిగినాది' అని అడుగుతారు.

ప్రభుత్వ వకీలు లేచారు. "బాగుంది. రేపటినుంచి ముద్దాయిలందరూ ఒప్పుకోలేదండి, దండం పెట్టామండి అంటారు."

మళ్లీ నవ్వులు. మేజిస్ట్రేటు గారు నవ్వలేదు. కలం కింద పెట్టారు. "అడిగాక?"

"జరిగింది జరిగినట్టు సెప్పాల. తువ్వాలేసి దాస్తే ఆడితో ఊరు మాటాడదు."

ఆవిడ నూకరాజు వైపు తిరిగారు. "ఇది మీ ఊరి సభ కాదు. ఇక్కడ నువ్వు చెప్పేది నీకే చేటు కావచ్చు. చెప్పనక్కర్లేదు. అర్థమైందా? మీ లాయరుగారిని అడుగు."

వాడు నావైపు చూశాడు. ఆ క్షణం బాగా గుర్తుంది. వాడి దగ్గర నాకు తెలియనిదేదో ఉందని అప్పుడు తెలిసింది. అది బయటికొస్తే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే ఆ తలుపు దగ్గరి మనిషి కొడుకు బోటెక్కుతాడు. కడుపులో బాబు ఒక్క తన్ను తన్నాడు.

"రెండోది ఒప్పుకోనని చెప్పు నూకరాజూ" అన్నాను. లాయరు చెప్పవలసిన మాట అదే. ఇప్పుడైనా అదే చెబుతాను.

వాడు నేలవైపు చూశాడు.

"తువ్వాలు పరిసీసినాను గదా లాయరమ్మా."

చెప్పేశాడు. రెండు రోజులు వరసగా బోట్లకు చేపలు బాగా పడ్డాయి. రెండు రాత్రులు నిద్ర లేదు. మేనమామ ఫోన్లో "ఐసు కరిగిపోతంది రా, తొక్కు" అంటూనే ఉన్నాడు. ఎచ్చెర్ల దాటితే చాలనుకున్నాడు. "కన్ను మూసుకుపోనాది తల్లీ. ఎంతసేపో తెల్దు. కన్ను తెరిసీసరికి ఎదర ఆడగుంట నిలబడున్నాది. యూనివర్సిటీ గుంట. పుస్తకాలు కింద పడీసినాది గాని కదల్లేదు. నాను తిప్పీసినాను. బండి డివైడరెక్కీసినాది. పెట్టెలు పగిలిపోయి సేపలన్నీ రోడ్డు మీద. ఆ గుంట ఏడుస్తానే సేపలు ఏరి నా సేతికిచ్చినాది. సారీ అన్నాది. నాకు! తప్పు నాదైతే ఆ గుంట సారీ అన్నాది."

నేను ఫైలు తిరగేశాను. సాక్షుల జాబితాలో ఆ అమ్మాయి లేదు. పోలీసులు కన్ను మూతపడ్డ సంగతి ఎక్కడా రాయలేదు, వాళ్లకెలా తెలుస్తుంది? వాడు చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు.

"నాకు ఇంకో పని రాదు. సముద్రం మాయమ్మకి ఇష్టం నేదు. గాని మీరు మానీమంటే మానీస్తాను" అన్నాడు.

మేజిస్ట్రేటు గారు చాలాసేపు రాశారు. రెండు నేరాలూ రుజువైనట్టే. జరిమానా. లైసెన్సు ఏడాది పాటు చెల్లదు. ఇంకా ఎక్కువ కాలం తీసేయవలసిన కేసే కాని, ఎవరివద్దా లేని నిజాన్ని ముద్దాయి తనంతట తాను చెప్పాడు కనుక తగ్గిస్తున్నానని, అదే ప్రత్యేక కారణమని చదివి వినిపించారు. తరవాత నావైపు చూశారు.

"మీరు నేర్పింది మరిచిపోయాడనుకుంటున్నారేమో. మరిచిపోలేదు."

కేక ఆగిన గుమ్మం

బయటికొచ్చాక పోలమ్మ తువ్వాలు తీసుకుని దాంతోనే కొడుకుని రెండు వేసింది. తరవాత నామీదకి తిరిగింది.

"నిన్ను నమ్మినాను. ఏడాది నా కొడుకుని సముద్రం పాల్జేసినావు. కడుపుతో ఉన్నదానివి, నిన్నేటననూ... పో, ఇంటికెల్లి పడుకో."

ఫైలు చంకన పెట్టుకుని బస్సు దారి పట్టాను.

ఆ నెలలోనే నూకరాజు బోటెక్కాడు. మా ఆఫీసు ఉన్న వీధిలో పోలమ్మ చేపల కేక పొద్దున్నే వినిపించేది. "వంజరాలమ్మా, కానాగంతలమ్మా" అంటూ ప్రతి గుమ్మం ముందూ ఆగేది. మా ఆఫీసు గుమ్మం వచ్చేసరికి కేక ఆపేసేది. దాటాక మళ్లీ అందుకునేది. గాలివాన హెచ్చరిక వచ్చిన రోజుల్లో ఆ కేక అసలు వినిపించేది కాదు. అప్పుడు నేను ఏ ఫైలూ చదవలేకపోయేదాన్ని. ఒడ్డున నిలబడి ఉంటుందనుకునేదాన్ని.

మా సీనియరు గారు, "తవ్వొద్దన్నాను కదమ్మా" అన్నారు. నేను తవ్వలేదండీ, అదే పొరపాటు అన్నాను. తవ్వి ఉంటే నిద్ర సంగతి ముందే తెలిసేది, తువ్వాలు సంగతీ తెలిసేది. రాత్రుళ్లు నిద్ర లేకుండా తోలించిన మేనమామ గురించి నేనే కోర్టుకు చెప్పి ఉండేదాన్ని. శిక్ష ఇంకా తగ్గేదో లేదో తెలియదు. వాడొక్కడే నిలబడి చెప్పుకోవలసిన అవసరం ఉండేది కాదు, అంతే. శైలూ, క్లయింటుకు మాటలు నేర్పేముందు, అతని ఊళ్లో పెద్దల ముందు ఎలా నిలబడతారో అడుగు. చట్టం పుస్తకాల్లో అది ఉండదు.

తరవాత బాబు పుట్టాడు. వాణ్ని వదిలి ఆ బస్సెక్కడం నావల్ల కాలేదు. అంత చిన్న కారణమా అంటారు. అంత చిన్న కారణమే.

వెనక బండి హారను

ఈ ఏడు బాబును బడిలో వేశాం. వ్యాను ఎక్కించలేదు. పెద్దరోడ్డు మీద ఆ వ్యాన్లు పోయే పోకడ చూసి, నేనే చెయ్యి పట్టుకుని నడిపించుకుని వెళ్లేదాన్ని. మా ఆయన బొబ్బిలిలో ఉద్యోగానికి పొద్దున్నే రైలెక్కుతూ, "కాలేజీకి కూడా నడిపిస్తావా?" అని ఏడిపించేవారు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. ఎండకి, ఉప్పునీళ్లకి నల్లబడ్డ మొహం, వలతాళ్లకు కోసుకుపోయిన వేళ్లు. తువ్వాలు చూసి గుర్తుపట్టాను.

లైసెన్సు తిరిగొచ్చి ఎన్నాళ్లో అయింది. మేనమామ బండికి వేరే డ్రైవరు కుదిరిపోయాడు. కోర్టు లైసెన్సు తీసేసిన మనిషని ఎవరూ బండి ఇవ్వలేదు. ఆ ఏడాదికని ఎక్కినవాడు ఇప్పటికీ బోటు దిగలేదు. మా బాబు బడిలో వ్యాను డ్రైవరు ఖాళీ ఉందని తెలిసిందట. తెలిసినవాళ్లెవరైనా పూచీ పడితే చూస్తామన్నారట. మా ఇల్లు సీనియరు గారి ఆఫీసులో అడిగి తెలుసుకున్నాడట.

"మీయమ్మకు తెలుసా, నా దగ్గరికొచ్చావని?"

"అమ్మే పంపినాది. 'లాయరమ్మ దగ్గరికెల్లు, తువ్వాలు మర్సిపోకు' అన్నాది."

అని, మా గుమ్మం ముందు పరవబోయాడు. నేను వద్దన్నాను. బాబు నా వెనకనుంచి తల బయటపెట్టి, "అమ్మా, ఆయన ఇక్కడ పడుకుంటాడా?" అన్నాడు.

"ఇప్పుడు నిద్రొస్తే ఏం చేస్తావు?" అని అడిగాను.

"ఆపీస్తాను. ఎవుడెంత తిట్టినా ఆపీస్తాను."

ఆ రాత్రి మా ఆయన, "నీ క్లయింటు, నీ కొడుకు. నన్నడగకు" అని అటు తిరిగి పడుకున్నారు. నేను పడుకోలేదు. కాదంటే ఎవరూ నన్ను తప్పుపట్టరు. అవునన్నాక ఏదైనా జరిగితే నన్ను నేనే క్షమించుకోలేను. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. ఒడ్డున నిలబడ్డ మనిషి గుర్తొస్తూనే ఉంది.

మర్నాడు బడి కరస్పాండెంటు గారి దగ్గరికి వెళ్లాను. కోర్టులో అయితే మంచి ముందు చెప్పి చెడు చివర్లో చెప్పేదాన్ని. ఆ రోజు తిరగేశాను. "ఇతను ఒకసారి బండి నడుపుతూ నిద్రపోయాడు. ఒక ఆడపిల్ల ప్రాణం మీదికి తెచ్చాడు. అందుకు కోర్టు లైసెన్సు ఏడాది తీసేసింది" అని మొదలుపెట్టాను. తరవాత ఆ సంగతి కోర్టుకు ఎలా తెలిసిందో చెప్పాను.

ఆయన అంతా విన్నారు. "సరేనమ్మా. మీ బాబుని ఎక్కిస్తారా?"

ఎందరికో జవాబులు నేర్పినదాన్ని. నాకు నేర్పేవాళ్లెవరూ లేరు.

"ఎక్కిస్తాను" అన్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నూకరాజు నడిపే పసుపు వ్యాను మా గేటు ముందు ఆగుతుంది. బాబు ఎక్కుతాడు. వ్యాను వీధి చివర పెద్దరోడ్డు ఎక్కేదాకా గేటు పట్టుకుని నిలబడతాను. నా భయం ఇంకా పోలేదు. వ్యాను వెనక ఆటోలు, బైకులు పోగుపడి హారన్లు మోగిస్తాయి. "కదలవేట్రా బావా, ఎడ్లబండి తోల్తన్నావేటి!" అని నిన్న ఒకడు గొంతు చించుకుని అరిచాడు.

ఆ తిట్టు చెవిన పడ్డాకే గేటు వేసి లోపలికి వచ్చాను.